పాయింట్లు, మైళ్లు, మా అత్తయ్య

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు సెలవులంటే దుప్పట్లు ఉతుక్కోవడమే. వేసవి రాగానే బంధువులందరూ కొండకని వచ్చి మా ఇంట్లో దిగుతారు. లోకమంతా మా ఊరికి వస్తుంటే మేము మాత్రం గుమ్మం కదలం. పెళ్లయిన పధ్నాలుగేళ్లకు మొన్న డిసెంబరు మొదట్లో తొలిసారి ఐదుగురం కలిసి సముద్రం దాటాం. అండమాన్‌కు. వెళ్లేటప్పటి ఐదు విమాన టికెట్లూ క్రెడిట్ కార్డు పాయింట్లతోనే వచ్చాయి. వాటిని పట్టుకోగలిగానంటే అది బంధువుల పుణ్యమే. అదెలాగో చెబుతాను.

మూడు వందల రూపాయల దర్శనం కోటా నెలల ముందే విడుదలవుతుంది. ఆ ఉదయం నా ముందు రెండు ఫోన్లు, పదిమంది బంధువుల ఆధార్ నంబర్లు రాసుకున్న నోటుపుస్తకం, పక్కన చల్లారిపోతున్న కాఫీ. ఇన్నేళ్లలో నాకు తెలిసిందల్లా ఒకటే: మనకు కావలసిన తేదీ మీద మంకుపట్టు పడితే టికెట్టు దొరకదు, దొరికిన తేదీకి మనమే సర్దుకోవాలి. పాయింట్లతో ఇచ్చే విమాన సీట్లూ అంతే. కార్డు పాయింట్లను విమాన సంస్థ ఖాతాకు మారిస్తే వాటిని మైళ్లంటారు. విమానంలో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా, ఆ మైళ్లకు ఇచ్చేవి కొన్నే.

మా ఆయనకు విశ్వవిద్యాలయం దగ్గర స్టేషనరీ కొట్టు ఉంది. సరుకుకు నెలకు లక్ష దాకా అవుతుంది. ఆ లక్షా కొట్టు పేరు మీద తీసుకున్న కార్డుతో కట్టడం మొదలుపెట్టాం. 150 రూపాయలకు 4 పాయింట్లు. రెండేళ్లలో 24 లక్షల మీద 64,000 వచ్చాయి. ఏటా పది లక్షలు దాటినందుకు 8,000 చొప్పున ఇంకో 16,000 కలిశాయి. మొత్తం 80,000. రెండు పాయింట్లకు ఒక మైలు లెక్కన 40,000 మైళ్లు. ఒక్కో టికెట్టుకు 8,000. లెక్క అచ్చంగా సరిపోయింది. పన్నులు మాత్రం చేతి డబ్బే, వాటిని మైళ్లు మాఫీ చేయవు. తిరుగు ప్రయాణానికీ డబ్బే పెట్టాం. ఉచిత విహారం అని ఎవరైనా ఊరిస్తే ఈ రెండు వాక్యాలు గుర్తు చేసుకోండి.

కార్డు ఇంటికొచ్చిన రోజే అత్తయ్య "అప్పు చేసి పప్పుకూడు ఎందుకమ్మా?" అన్నారు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. లక్ష రూపాయల బిల్లు ఒక్క నెల కట్టకపోతే మూడున్నర శాతం వడ్డీ, అంటే 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 630. ఈ రెండూ కలిపితేనే 4,130. ఆ లక్షకు వచ్చే పాయింట్ల విలువ చూస్తే పన్నెండు వందలు మించదు. ఒక్క నెల ఏమరుపాటు మూడు నెలల పాయింట్లను మింగేస్తుంది. ఆవిడ కాగితం అంతా చదివి, "అయితే గడువు తేదీ నాకు చెప్పు" అన్నారు. అప్పటినుంచి ప్రతి నెలా వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఆవిడే చుడుతున్నారు. మేము ఒక్కసారీ గడువు దాటలేదు.

నా తప్పు వేరే చోట జరిగింది. ఒకే రోజుకు ఐదు సీట్లు కనిపించేసరికి సంబరపడి, పాయింట్లన్నీ విమాన సంస్థ ఖాతాకు బదిలీ చేశాను. అవి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఈలోగా సీట్లు మాయం. ఒకసారి మైళ్లుగా మారినవి మళ్లీ పాయింట్లు కావు. మూడు వారాలు రాత్రి పడుకునే ముందు వెతకడం, నిట్టూర్చడం. ఐదుగురికని వెతికితే ఎప్పుడూ శూన్యమే. ఒక రాత్రి ఇద్దరికని వెతికాను. ఉదయం విమానంలో రెండు! ముగ్గురికని వెతికితే అదే రోజు తర్వాతి విమానంలో మూడు! "ఒకే కుటుంబం రెండు విమానాల్లోనా?" అన్నారు అత్తయ్య. మొదటి దాంట్లో ఆవిడా నేనూ, రెండో దాంట్లో పిల్లలతో ఆయన.

రోజు ఏదైనా సరే, డిసెంబరు మొదట్లోనే అని మాత్రం నేనే పట్టుబట్టాను. అప్పటికి తిరుచానూరు బ్రహ్మోత్సవాలు అయిపోయాయి, వైకుంఠ ఏకాదశి ఇంకా రాలేదు. బంధువులు రాని రోజులు మాకు ఏడాదికి ఆ కాసినే. పిల్లల బడికి సెలవు చీటీ రాసిచ్చాను. అర్ధరాత్రి కారెక్కి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై చేరాం. కారు బాడుగ రొక్కమే, దానికి పాయింట్లు లేవు.

మేము విమానం దిగిన పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురమైంది. హేవ్‌లాక్ దీవి 2018లోనే స్వరాజ్ ద్వీపమైంది. అక్కడి రాధానగర్ తీరంలో అత్తయ్య చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మడమలు మునిగేదాకా వెళ్లి ఆగారు. సూర్యుడు సముద్రంలోకి జారుతున్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "గడియారం ఆగిపోయిందా?" అన్నారు. ఫోను చూపించాను. ఐదు కూడా కాలేదు. దేశమంతా ఒకే గడియారం, ఈ దీవులేమో బాగా తూర్పున. "దీపం వేళ అయింది, ఇక్కడ దీపమెక్కడ పెట్టను?" అంటూ అక్కడే నిలబడి చేతులు జోడించారు. చిన్నది ఆవిడ పక్కన చేరి, గవ్వలున్న గుప్పిట విప్పకుండానే దండం పెట్టింది.

తిరిగి శ్రీవిజయపురంలో విమానాశ్రయానికి ఆటో ఎక్కాం. మేము మాట్లాడుకోవడం విని డ్రైవరు తెలుగులో పలకరించాడు. ఆ దీవుల్లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, ఇతని తాతది శ్రీకాకుళమట. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. అత్తయ్య నోరు విప్పేలోపే నేను ఆవిడ మోచెయ్యి నొక్కాను. లాభం లేకపోయింది.

"తిరుపతి నాయనా!"

ఆటో నెమ్మదించింది. "అమ్మా, మా అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆ మూడు వందల టికెట్లు..."

నేను సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. మైళ్ల లెక్క వెనకాల పేజీ ఖాళీగానే ఉంది.