వంపు దగ్గరే కొండ: డెనాలి ఫాల్ట్ కథ

రెండు చెక్కలు ఆనించి పెట్టి, వాటి మీద మూడు వేళ్ల మందాన తడి బంకమట్టి పరవండి. ఒక చెక్కను అతుకు వెంబడి మెల్లగా జరపండి. మట్టి అతుకు మీదే తిన్నగా చీలుతుందనుకుంటాం. చీలదు. మొదట అతుకుకి 15 డిగ్రీల వాలుగా, ఒకదాని వెనక ఒకటి పొట్టి పగుళ్లు వస్తాయి. ఇంకా జరిపితే వాటిని కలిపే పగుళ్లు పుడతాయి. పొడవైన ఒకే గీత చివర్లో వస్తుంది. 1929లో భూగర్భ శాస్త్రవేత్త రీడెల్ చూపించింది ఇదే. ఫాల్ట్ అంటే రెండు పక్కల రాతినేల జారే పగులు. నేల పక్కకు జరిగే స్ట్రైక్-స్లిప్ ఫాల్టులు కూడా ఇలాగే పెరుగుతాయి, కాకపోతే లక్షల ఏళ్లు పడుతుంది.

ముక్కలు కలిసినా వంపులు మిగిలిపోతాయి. అలాస్కాలోని డెనాలి ఫాల్ట్ కుడికి జారే రకం: ఇవతల నిలబడి చూస్తే అవతలి నేల కుడికి పోతుంది. ఇలాంటి ఫాల్ట్ వెంట నడుస్తుండగా దారి ఎడమకు తిరిగిందంటే అక్కడ నేల నొక్కుకుని లేస్తుంది, కుడికి తిరిగితే సాగి కుంగుతుంది. 6,190 మీటర్ల డెనాలి శిఖరం నొక్కుడు వంపు పక్కనే ఉంది. పడమటికి పోయేకొద్దీ ఫాల్ట్ జారే వేగం తగ్గుతుంది, ఎందుకంటే కొంత కదలిక పక్కనున్న థ్రస్ట్ ఫాల్టులకు (ఒక పక్క నేల రెండో పక్క మీదకు ఎక్కే రకం), కొండలు లేవడానికి పోతుంది.

2002 నవంబరు 3న వచ్చిన 7.9 తీవ్రత భూకంపం ఈ ఫాల్టుల అల్లికనంతా వాడుకుంది. పదకొండు రోజుల ముందే, అక్టోబరు 23న, దగ్గర్లో 6.7 వచ్చింది. పెద్దది మొదలైంది డెనాలి మీద కాదు, అప్పటిదాకా ఎవరూ గుర్తించని సుసిట్నా గ్లేసియర్ థ్రస్ట్ మీద. అక్కడి నుంచి డెనాలి మీదకి దూకి తూర్పుకి పరుగెత్తింది, చివర్లో ఆ దారి వదిలి తొట్షుండా ఫాల్టులోకి మళ్లింది. మొత్తం చీలిక సుమారు 340 కిలోమీటర్లు, అత్యధిక జరుగుడు 8.8 మీటర్లు. మళ్లడానికి కారణం ఉంది: ఆ కూడలి దాటాక డెనాలి తూర్పు భాగం చాలా నెమ్మది, కదలికలో ఎక్కువ పాలు ఇప్పుడు తొట్షుండా మీదుగా పోతోంది. మ్యాపులో లావుగా గీసిన గీతకే తీవ్రత లెక్కగట్టడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. పక్కనున్న సన్నగీతలు కలిస్తే భూకంపం సైజే మారిపోతుంది. రెండు ఫాల్టు ముక్కల మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లు మించితే చీలిక చాలావరకు ఆగిపోతుంది, అందుకని ముందు కొలవాల్సింది ఆ దూరమే.

కొలిచి కట్టిన చోట ఏమైందో కూడా అక్కడే చూడొచ్చు. 48 అంగుళాల ట్రాన్స్-అలాస్కా చమురు గొట్టం ఈ ఫాల్టుని దాటుతుంది. 1970ల్లో భూగర్భ శాస్త్రవేత్తలు చీలిక రాగల పట్టీని సుమారు 580 మీటర్ల వెడల్పుగా గుర్తించారు. ఆ పట్టీలో గొట్టాన్ని పాతలేదు, అటూ ఇటూ పట్టి బిగించలేదు. నేల మీద పొడవాటి అడ్డదూలాలు పరిచి, టెఫ్లాన్ పూసిన పాదాల మీద గొట్టం జారేలా పెట్టారు. అడ్డంగా 6 మీటర్లు, నిలువునా 1.5 మీటర్లు తట్టుకునేలా లెక్క. 2002లో నేల దానికింద దాదాపు 4.3 మీటర్లు జరిగింది. కొన్ని ఆధారాలు విరిగాయి, కొన్ని పాదాలు ఊడాయి. చమురు మాత్రం చుక్క కారలేదు. దాదాపు మూడు రోజులు ఆపి, తనిఖీ చేసి మళ్లీ పంపింగ్ మొదలుపెట్టారు.