తాతయ్య కొనిపెట్టే సాల్మన్ రాడ్

మనవరాలికి ఏదైనా కొనిపెడతానని మా నాన్న అన్నప్పుడల్లా ఇంట్లో పేచీ గొలుసా, ల్యాప్‌టాపా అన్నంతవరకే ఉండేది. ఈ వేసవి సెలవులకి హైదరాబాద్ వచ్చాక పధ్నాలుగేళ్ల మా అమ్మాయి తనే నోరు తెరిచి అడిగింది. సాల్మన్ చేపని పట్టే ఫ్లై రాడ్, అంటే ఈకలు చుట్టిన కొక్కేన్ని నదిలోకి విసిరే పొడుగు కర్ర, కావాలట.

మేముండేది స్కాట్లాండ్‌లో, ఆబర్డీన్‌లో. డీ నది సముద్రంలో కలిసేది అక్కడే. మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్ల తాతగారొకాయన శనివారాలు పిల్లలిద్దర్నీ నదికి తీసుకెళ్లి, తన పాత రాడ్ ఇచ్చి విసరడం నేర్పిస్తున్నాడు. ఆ సంగతి ఫోన్‌లో విన్నప్పటి నుంచీ నాన్నకి లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన కోనసీమలో పుట్టి, పంట కాలువల్లో గాలం వేస్తూ పెరిగిన మనిషి. ఆయన మనవరాలికి చేపలు పట్టడం ఇంకో తాత నేర్పడమా!

"రాడ్ నేను కొంటాను. ఎంతైనా పర్లేదు, మంచిది చూడు," అన్నారు.

చిక్కంతా ఆ మంచిది దగ్గరే వచ్చింది. మా ఇంట్లో మంచిదంటే ఖరీదైనది, పెద్దది, పదేళ్లు వచ్చేది. జూన్‌లో యూనిఫాం కుట్టించేటప్పుడే రెండేళ్లు రావాలని లూజుగా కుట్టించి, కింద నాలుగు వేళ్ల మడత వేయించే ఇల్లు మాది. రాడ్ విషయంలోనూ నాన్న లెక్క అదే. "ఎదిగే పిల్ల కదా, పదిహేను అడుగులది తీసుకుంటే పెద్దయ్యాక కూడా పనికొస్తుంది."

పనికిరాదు. 15 అడుగులు, 10 లేదా 11 నంబర్ లైను (నంబర్ పెరిగేకొద్దీ లైను బరువు పెరుగుతుంది) పట్టే రాడ్ టే లాంటి పెద్ద నదులకి, నీళ్లు ఎక్కువగా ఉండే చలి నెలలకి. రెండు చేతుల రాడ్‌తో విసరడంలో సగం పని కింది చేయి చెయ్యాలి. పై చేయి ఇరుసులా నిలబడితే కింది చేయి రాడ్ అడుగు కొసని పొట్టవైపు లాక్కోవాలి. రాడ్ బరువైతే పిల్లలు కింది చేతిని మర్చిపోయి పై చేత్తో తోస్తారు, గంటకి భుజం పట్టేస్తుంది. అలా పడిన అలవాటు పోగొట్టడం కొత్తగా నేర్పడం కంటే కష్టమని కోచ్‌లందరూ చెప్పే మాటే. అలాగని చిన్న నదుల్లో సరిపోయే పదడుగుల ఒంటి చేతి రాడ్ కొంటే, డీ వెడల్పుకీ వెనక చెట్లకీ అది చాలదు. అక్కడ చెయ్యాల్సింది స్పే కాస్టింగ్. అంటే లైనుని పూర్తిగా వెనక్కి ఎగరెయ్యకుండా, కొసని పక్కన నీటి మీద ఆనించి ముందుకి కొట్టడం. పక్కనున్న స్పే నది పేరే దానికి వచ్చింది. వెనక చెట్లున్నా ఇబ్బంది ఉండదు. దానికి పొడుగాటి రాడ్ కావాలి. అందుకని మేం తేల్చుకున్నది 13 అడుగులు, 8/9 నంబర్, నాలుగు ముక్కలుగా విడేది. ఒక్కో ముక్క మూడడుగుల పైన కాస్త, కారు డిక్కీలో పడుతుంది.

మా తమ్ముడు మధ్యలో దూరాడు. వాడు కప్ప బొమ్మ కట్టిన స్పిన్నింగ్ రాడ్‌తో కొర్రమీనులు పడతాడు. "అక్కా, నా దగ్గర రెండున్నాయి, ఒకటి పట్టుకెళ్లు. ఇంత హంగామా ఎందుకు?" అన్నాడు. వాడికి సమాధానం నేను చెప్పలేదు, మా అమ్మాయే చెప్పింది. అసలు ఈ వ్యవహారం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఫోన్‌లో తాతామనవరాళ్ల సంభాషణ ఏళ్ల తరబడి "తిన్నావా", "తిన్నా", "స్కూలు ఎలా ఉంది", "బావుంది" దగ్గరే ఆగిపోయేది. తెలుగు రాక కాదు, చెప్పుకోడానికి ఏమీ లేక. ఇప్పుడు తాతయ్యకి తెలియనిది తనకి తెలుసు. తడుముకుంటూ, మధ్యలో చేతులు తిప్పుతూ, గంటసేపు తెలుగులో వాదించింది.

"మామయ్యా, నీ గాలానికి బరువుంటుంది. అది దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువుండదు. ఈకలు, వెంట్రుకలు చుట్టిన కొక్కెం అంతే. మాకు లైనే బరువు."

ఇది నాన్నకి మింగుడు పడలేదు. వంటింట్లోంచి అమ్మ డిజిటల్ కాటా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. ఎంత బరువని అడిగారు. మేం అనుకున్న రాడ్‌కి లైను ముందు భాగం, అంటే హెడ్, 11 మీటర్ల చిల్లర పొడవు, 30 నుంచి 33 గ్రాముల బరువు. పురికొస ఉండ విప్పి, రెండు పేటలు పురి పెట్టి, కాటా 33 చూపించేదాకా వేస్తూ పోయారు. బూజు కర్రకి బ్రష్ ఊడదీసి, దాని కొసకి పురికొస కట్టి, చివర ఊలు ముక్క ముడేసి, ముగ్గురూ మేడెక్కారు. కళ్లజోడు పెట్టుకోందే ఎవర్నీ కర్ర ముట్టుకోనివ్వలేదు మా అమ్మాయి. నది దగ్గర మొదట నేర్పేది అదేనట, గాలి తిరిగితే కొక్కెం సూటిగా మొహం మీదికే వస్తుంది.

మేడ మీద నీళ్లు లేవు కాబట్టి స్పే కాస్టింగ్ కాదు, తల మీంచి వెనక్కి ఎగరేసి విసరడమే. నాన్న మొదటి విసురుకి పురికొస పక్కింటి డిష్ యాంటెన్నాకి చుట్టుకుంది. రెండోసారి ఆయన మెడకే.

"తాతయ్యా, తొందరపడుతున్నావ్. వెనక్కెళ్లి పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి."

ఆగారు. ఈసారి వాటర్ ట్యాంకు దాకా వెళ్లింది. అంతలోనే ఆయన ఒక మాటన్నారు, దుకాణాల్లో సేల్స్‌మన్లు కూడా ఇంత సూటిగా చెప్పరు: "కర్ర వంగట్లేదే. వంగకపోతే బరువు చేతికి తెలియట్లేదు." సరిగ్గా అదే. కొత్తవాళ్లకి కొస మాత్రమే వంగే బిర్రు రాడ్ వద్దనేది అందుకే. అవి వేగంగా, దూరంగా వేస్తాయి కానీ చేతిలో లయ ఉన్నవాళ్లకే పలుకుతాయి. నడుము దాకా వంగేది తీసుకుంటే లైను బరువెక్కడం, దిగడం అరచేతికి తెలుస్తుంది. చిన్న తప్పుల్ని కాస్త కాచుకుంటుంది కూడా. కేటలాగుల్లో దాన్ని మీడియం, మిడిల్ టు టిప్ అని రాస్తారు.

లైను కొనేటప్పుడు నంబర్ చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ఒంటి చేతి రాడ్‌కి 9 నంబర్ లైనంటే మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. రెండు చేతుల 9 నంబర్ రాడ్‌కి వేసే హెడ్ 35 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంకె ఒకటే, బరువు రెట్టింపు పైన. కాబట్టి అంకె వదిలేసి, రాడ్ కంపెనీ చెప్పిన గ్రాములకీ లైను డబ్బా మీది గ్రాములకీ పొత్తు కుదిరిందా అని చూసుకోవాలి. తేలిక లైను వేస్తే రాడ్ వంగదు. మేడ మీద పురికొస సగానికి కోసి విసిరి చూస్తే అది ఉసూరుమని కాళ్ల దగ్గరే పడింది.

హెడ్ పొట్టిదా, పాత పద్ధతి పొడుగు స్పే లైనా అన్నదాని మీద అక్కడి పెద్దవాళ్లు ఎంతసేపైనా కొట్లాడుకుంటారు. పొడుగు లైను చూడ్డానికి అందంగా ఉంటుంది, ప్రతి విసురుకీ బోలెడు లైను చేత్తో వెనక్కి లాక్కునే బాధ తక్కువ. కానీ అంత పొడవు నీటి మీంచి లేపడం పిల్లల వల్ల కాదు. నా ఓటు పొట్టి హెడ్‌కే, అదీ నీటి మీద తేలేదానికి. దాని వెనక సన్నటి రన్నింగ్ లైను, ముందు పదడుగుల పాలీలీడర్, అంటే హెడ్‌కీ చివరి నైలాన్‌కీ మధ్య కలిపే ముక్క. తేలేది ఒకటి, మెల్లగా మునిగేది ఒకటి, గబగబా మునిగేది ఒకటి, మూడు పాలీలీడర్లు కొంటే నీళ్లని బట్టి మార్చుకోవచ్చు, వేరే లైను అక్కర్లేదు. చివర నాలుగైదడుగుల నైలాన్, 12 నుంచి 15 పౌండ్ల లాగుడు తట్టుకునేది.

డబ్బు మొదట లైను మీద, తర్వాత కోచ్ దగ్గర ఒక పూట పాఠం మీద, ఆ తర్వాత రాడ్ మీద, మిగిలింది రీలు మీద పెట్టాలని నేనన్నాను. నాన్నకి ఈ వరస తలకిందులుగా కనిపించింది. చేతిలో కనిపించేది రాడ్ కదా, ఆయన పేరు నిలబడేది దానితోనే కదా. వెయ్యి పౌండ్లు దాటిన రాడ్లు ఉన్నాయి, అంటే లక్ష పైమాటే. అలాంటిది పధ్నాలుగేళ్ల పిల్లకి అనవసరం. కారు తలుపులో పడి కొస విరగడానికి క్షణం పట్టదు.

రీలు గురించి చెప్పాల్సింది కొంచెమే. లావుపాటి హెడ్, రన్నింగ్ లైను, దాని వెనక 30 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్యాకింగ్, అంటే చేప దూరం పారితే వదలడానికి ఉంచే దారం, ఓ 150 మీటర్లు పట్టాలి. డ్రాగ్, అంటే చేప లైను లాక్కెళ్లేటప్పుడు పట్టి ఉంచే బ్రేకు, కుదుపు లేకుండా మొదలవ్వాలి. రాడ్‌కి బిగించాక పై చేయి పట్టుకునే చోట వేలు ఆనిస్తే త్రాసులా నిలవాలి. మరీ తేలిక రీలైతే కొస బరువై చేతులు లాగుతాయి.

డ్రాగ్ ఎందుకన్నది నాన్నకి ఒక పట్టాన ఎక్కలేదు. బెండు మునగ్గానే గాలం లాగాలి, ఆయన చేతుల్లో ఉన్న విద్య అది. సాల్మన్ దగ్గర లాగితే పోయినట్టే. ఫ్లై ప్రవాహానికి అడ్డంగా ఈదుతూ వస్తుంటే చేప అందుకుని తిరుగుతుంది. అది తిరిగి రీలులోంచి లైను లాక్కునేదాకా ఊరుకుని, అప్పుడు రాడ్ లేపాలి. పైగా సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకొచ్చిన సాల్మన్ తిండి మానేస్తుంది.

"ఆకలే లేకపోతే ఎందుకు కరుస్తుందే?"

"ఎవరికీ తెలీదు తాతయ్యా. కోపం వచ్చి అంటారు, అలవాటు కొద్దీ అంటారు."

అసలు గొడవ అమ్మతో వచ్చింది. రామ్‌నగర్ మార్కెట్ నుంచి తెచ్చిన కొర్రమీను పులుసు వడ్డిస్తూ, "అంత పెద్ద చేపని ఒక్కత్తివే మోసుకొస్తావా?" అనడిగింది. వదిలేస్తామని చెప్పగానే గరిటె ఆగిపోయింది. "పట్టి వదిలేస్తారా? దానికింత డబ్బా?"

ఇలాంటి చోట మధ్యలో దూరి "అక్కడి పద్ధతి అమ్మా" అని సర్దేయడం మా ప్రవాస తల్లులకి వచ్చిన ఒకే ఒక విద్య. ఈసారి నేను నోరు మూసుకున్నాను. మా అమ్మాయే చెప్పుకొచ్చింది. స్కాట్లాండ్‌లో ఏప్రిల్ 1 లోపు పట్టిన ప్రతి సాల్మన్‌నీ వదిలెయ్యాల్సిందేనని చట్టం ఉంది. ఆ తర్వాత కూడా ఏ నదిలో ఉంచుకోవచ్చో, ఏ నదిలో కూడదో 2016 నుంచి ఏటా గ్రేడు ఇస్తారు. 2023 డిసెంబర్‌లో బ్రిటన్ అట్లాంటిక్ సాల్మన్‌ని అంతరించే ముప్పున్న జాతుల జాబితాలోకి ఎక్కించారు. గాలానికి పడిన సాల్మన్‌ని అమ్మడం నేరం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి సముద్రంలో వలల పంజరాల్లో పెంచినవి. అమ్మ అంతా విని, "అయితే దానికి నొప్పెట్టదా?" అంది. దీనికి మా అమ్మాయి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. కొక్కేనికి వెనక్కి వంగిన కొన లేకుండా చూసుకుంటామని, నీళ్లలోంచి ఎత్తకుండానే విడిపిస్తామని మాత్రం చెప్పింది. అందుకు పనికొచ్చే ముడుల్లేని రబ్బరు వల కూడా జాబితాలో చేరింది.

నాన్న పులసని తలుచుకున్నారు. అదీ సముద్రం నుంచి వరద నీటికి గోదావరి ఎక్కే చేపే, గుడ్లు పెట్టడానికే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగుతుంది. "పుస్తెలమ్మైనా తినమన్నారు కానీ, పులసని పట్టి వదిలేవాడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు," అని ఇంకో ముక్క వేసుకున్నారు.

ఆదివారం సాల్మన్ పట్టడం స్కాట్లాండ్‌లో నిషేధం. మా తెలుగు బడి ఆదివారమే. ఏ చర్చి పెద్దలు పుణ్యం కట్టుకున్నారో కానీ మా ఇంట్లో ఒక యుద్ధం తప్పింది.

ఇంకో సంగతి విన్నాక నాన్న మెత్తబడ్డారు. బ్రిటన్‌లో రాడ్‌తో పట్టిన సాల్మన్లలో రికార్డు 64 పౌండ్లది, 29 కిలోలు. 1922 అక్టోబర్ 7న టే నదిలో జార్జీనా బాలంటైన్ అనే ఆవిడ పట్టింది. పడవలో పక్కనున్నది వాళ్ల నాన్న. నూరేళ్లు దాటినా ఆ రికార్డు అలాగే ఉంది. "చూశావా, తండ్రి పక్కనుండి పట్టించాడు," అని నాన్న ఎగిరారు. "అది ఫ్లైతో కాదు తాతయ్యా, ఎరతో," అని మనవరాలు వెంటనే గాలి తీసేసింది. ఎర అనేసరికి ఆయన ఇంకా పొంగిపోయారు.

డబ్బు ఇచ్చేశారు కానీ కొనడం ఇక్కణ్నుంచి ఆన్‌లైన్‌లో కాదు. తిరిగి వెళ్లాక, కోచ్ దగ్గర రెండు మూడు రాడ్లు నీటి మీద వేసి చూసి, చేతికి నప్పినదే తీసుకుంటుంది. డీలో సీజన్ అక్టోబర్ 15 దాకా ఉంటుంది, తొందర లేదు. పాఠం ఫీజు కూడా తన ఖాతాలోనే రాయమని నాన్న పట్టుబట్టారు. రీలు పిడి ఏ చేతివైపు ఉండాలన్నది మాత్రం తేలలేదు. ఎడమ చేత్తో తిప్పితే కుడి చెయ్యి రాడ్ మీదే ఉంటుందని మనవరాలు, ఎడమ చేత్తో మొదలుపెట్టడమేమిటని అమ్మమ్మ. చాలా రీళ్లు ఎటైనా మార్చుకోవచ్చని నేను అమ్మకింకా చెప్పలేదు.