గోళ్ళరంగు చుక్క

పోయిన డిసెంబరులో తెనాలి దగ్గర ఒక ఊళ్ళో సెమీ క్రిస్మస్. మా క్వైర్‌తో నేనూ వెళ్ళాను. భుజాన గిటారు, చేతిలో కొత్తగా కొన్న 30 వాట్ల డిజిటల్ ఆంప్ (గిటారు సౌండ్ పెంచే పెట్టె). అంతకుముందు మూడు రాత్రులు, అమ్మ నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు ప్యాచ్‌లు (ఆంప్‌లో దాచుకునే సౌండ్ సెట్టింగులు) తయారుచేసుకున్నాను. వేళ్ళతో మీటడానికి ఒకటి, పిక్‌తో స్ట్రమ్ చేయడానికి ఒకటి. చెవుల్లో ఎంత బావుందో!

రెండో పాటలో పల్లవి అందుకోగానే పెద్ద స్పీకర్లలోంచి పరపరమని గుడ్డ చింపినట్టు చప్పుడు. గబగబా ఆంప్ మీద మాస్టర్ (మొత్తం వాల్యూమ్) తగ్గించాను. సౌండ్ తగ్గింది, పరపర మాత్రం పోలేదు. ఇంకా తగ్గించాను. చివరికి గిటారు సరిగ్గా వినబడటం మానేసింది, వినబడే ఆ కాస్తలోనూ అదే పరపర. మిక్సర్ దగ్గర్నుంచి మైక్ సెట్ అన్న చేతులు ఊపుతున్నాడు. అయ్యగారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు తగ్గించే నాబ్ ఏ ఆంప్ మీదా ఉండదు.

పాట అయ్యాక అన్న వచ్చాడు. ఆంప్‌ని ముట్టుకోనే లేదు. గిటారు పక్కభాగంలో ఉన్న ప్రీఆంప్ (ఆంప్‌కి వెళ్ళేముందే సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) వాల్యూమ్ మీద వేలు పెట్టి, "తమ్ముడూ, ఇది ఎంతలో ఉంది?" అన్నాడు.

ఫుల్లు. బేస్ కూడా దాదాపు ఫుల్లే.

"ఇక్కడే చిరిగిపోతుంటే అక్కడ తగ్గించి ఏం లాభం? అన్నం మాడాక మంట తగ్గిస్తే మాడు వాసన పోద్దా?"

వాల్వులతో నడిచే పాతకాలపు ట్యూబ్ ఆంప్ అయితే సిగ్నల్ ఎక్కువైనప్పుడు మెత్తగా వంగుతుంది, కొందరికి ఆ వంకరే ఇష్టం. డిజిటల్‌లో 0 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) అంటే అది పట్టగల గరిష్ఠం, అక్కడ గోడే. దాన్ని దాటిన అల నెత్తి చదునుగా తెగిపోతుంది. తెగింది ఇక అతకదు. పైగా బ్రిడ్జి కింద పీజో పికప్ (తీగల అదురుని పట్టే ముక్క) ఉన్న గిటార్లలో పిక్ తగిలిన తొలి దెబ్బ మహా పదునుగా వస్తుంది. నేనేమో లెవెల్ చూసుకున్నది వేళ్ళతో మెల్లగా మీటుతూ.

ఇప్పుడు నా పద్ధతి వేరు. గిటారు వాల్యూమ్ సగం కంటే కాస్త పైన పెడతాను. పాట మొత్తంలో ఎక్కడ గట్టిగా కొడతానో ఆ చోటే, అంత గట్టిగానే స్ట్రమ్ చేస్తూ ఆంప్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచుతాను. సిగ్నల్ ఎక్కువైందని చెప్పే ఎర్రలైటు మిణుకుమనగానే, అది మళ్ళీ వెలగనంత వరకూ వెనక్కి తిప్పుతాను. ఆ తర్వాతే రెండు ప్యాచ్‌ల వాల్యూమ్ సమానం చేసుకోవడం, అదీ హెడ్‌ఫోన్స్‌లో కాదు, స్పీకర్లో. మాస్టర్ అన్నిటికంటే చివర. నా ఆంప్‌లో లైన్ అవుట్ (మిక్సర్‌కి సౌండ్ పంపే సాకెట్) కూడా మాస్టర్‌ని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది. కొన్నిట్లో అలా ఉండదు, కొనేముందే చూసుకోండి. ఆ లైన్ అవుట్‌ని మిక్సర్లో మైక్ ఇన్‌పుట్‌కి పెడితే అక్కడా పగులుతుంది. లైన్ ఇన్‌పుట్ ఖాళీ లేకపోతే 20 డీబీ ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే బటన్) నొక్కమని అడగాలి.

బేస్ సంగతి మూడో పాటలో తేలింది. 'ఏ' (A) తీగ, అంటే ఐదో తీగ, మోగినప్పుడల్లా గుయ్‌య్ మని ఊళ. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగ్గా ఆనదు. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. అందుకే రాత్రి పూట చాలడం లేదని పెంచిన బేస్ స్టేజీ మీద బండరాయై కూర్చుంటుంది. ఆ 'ఏ' తీగ 110 హెర్ట్జ్, అంటే సెకనుకు 110 సార్లు ఊగుతుంది. గిటారు పొట్టలోని గాలి కూడా ఇంచుమించు 100 దగ్గరే ఊగుతుంది. స్పీకర్ సౌండ్ ఆ పొట్టలో దూరిందంటే ఇక ఊళే. బేస్ తగ్గించి, ప్రీఆంప్ మీద ఫేజ్ బటన్ (అలను తలకిందులు చేసేది) నొక్కి, ఆంప్‌కి కాస్త పక్కగా జరిగాక ఆగింది.

ఇదంతా విని మా బావ 60 వాట్లది కొనమన్నాడు. వాట్లు రెట్టింపైతే వచ్చేది 3 డీబీ. దానికన్నా ప్రీఆంప్‌కి కొత్త 9 వోల్టుల బ్యాటరీ నయం. పాతది నీరసపడినా ఇలాగే పరపరమంటుంది మరి.

చెల్లి గోళ్ళరంగుతో ప్రీఆంప్ వాల్యూమ్ పక్కన ఎర్రచుక్క పెట్టుకున్నాను. మొన్న ఈస్టర్‌కి అదే అన్న సెట్ వేశాడు. సౌండ్ చెక్‌లో నేను తీగ మీటకముందే మైకులో అడిగాడు, "తమ్ముడూ, చుక్క మీదే ఉందా?"