ఏటి, వోస్, మధ్యలో జర్మన్ బీ2

మాది ఉద్దానం, సోంపేట సైడు. వైజాగ్‌లో నర్సింగ్ చదివేటప్పుడు "ఏమిటి" అనడానికి నేను "ఏటి" అంటే చాలు హాస్టల్ మొత్తం నవ్వేది. "నాను" అన్నానంటే ఇంక ఆ రోజంతా అదే గోల. దాంతో నోరు కట్టేసుకుని టీవీ యాంకర్ల తెలుగు నేర్చుకున్నా.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు డయాలసిస్ యూనిట్లో చేశా, మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందేగా. తర్వాత జర్మనీలో నర్సుగా చేద్దామని జర్మన్ మొదలుపెట్టా. ప్రతి పేరు ముందూ దాని లింగాన్ని బట్టి పెట్టే డేర్, డీ, దాస్ చూస్తే పారిపోతావన్నారు. టేబుల్ మగ, లాంప్ ఆడ, అమ్మాయి మాత్రం నపుంసకలింగం అంట! క్లాసులో హిందీ వాళ్లు నెత్తి బాదుకున్నారు గానీ నాకేం వింత అనిపించలేదు, మనం అమ్మాయొచ్చింది అంటాం, గేదొచ్చింది అంటాం, బస్సొచ్చింది అంటాం. "వైల్" అంటే ఎందుకంటే అని, అది వస్తే క్రియ వాక్యం చివరికి పోతుంది అన్నారు, మన క్రియ ఉండేదే అక్కడ కదా. బట్టీ మాత్రం తప్పలేదు లెండి.

అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్‌లో బీ2, అంటే నాలుగో మెట్టు, అడుగుతారు. జర్మన్ నేర్పే గోథే సంస్థ పెట్టే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడ్డం అని నాలుగు, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. పలాసలో రైలెక్కి చెన్నై వెళ్లి రాస్తే వినడంలో 53. కొన్ని ఆడియోలు ఒక్కసారే వేస్తారు, కంగారులో సగం పోయింది. అమ్మకి ఫోన్ చేస్తే "పోనాదా? అయితే ఏటే, మళ్లీ రాయి" అంది. నిజమే, పోయిన మాడ్యూల్ ఒక్కటీ రాసుకుంటే చాలు.

ఇంతకన్నా ఏడిపించింది ఒక ఏజెంటు. ఒరిజినల్స్ తీసుకుని ఐదు నెలలు తిప్పాడు, చివరికి నాన్న వెళ్లి గొడవపడితే ఇచ్చాడు. ఎవరికీ ఒరిజినల్స్ ఇవ్వకండర్రా, ప్లీజ్. జర్మనీ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ లాంటి ప్రోగ్రాముల్లో నర్సు దగ్గర ఫీజు తీసుకోరు, ముందు అవి చూడండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. గుర్తింపు వచ్చేదాకా మీరు ఇక్కడ జర్మనీలో హెల్పరే, జీతం కూడా తక్కువే. మన చదువులో తక్కువైంది ట్రైనింగో పరీక్షో పెట్టి పూడ్చుకోవాలి, నేను ట్రైనింగ్ తీసుకున్నా.

నేను వచ్చింది బవేరియాకి, జర్మనీలో దక్షిణం వైపు రాష్ట్రం, యాస వేరు. మొదటి వారం ఒక తాత, ఎనభై దాటుంటాయి, భోజనం ట్రే తోసేసి "ఈ మోగ్ నేడ్" అన్నాడు. పుస్తకంలో అయితే "ఇష్ మాగ్ నిష్ట్", వద్దు అని. అర్థంకాక నిలబడ్డా, పక్కనున్న హాంబర్గ్ అమ్మాయి, అది ఉత్తరం వైపు ఊరు, ఆవిడ కూడా తెల్లమొహం వేసింది, ఆవిడ పుట్టిందే జర్మనీలో! అప్పుడు వెలిగింది, "ఇష్" కాస్తా "ఈ" అయింది, మన "నేను" "నాను" అయినట్టు. ఆ రాత్రి నుంచి ఓ నోట్‌బుక్కు పెట్టి ఎడమ పక్క పుస్తకం మాట, కుడి పక్క తాత మాట రాసుకున్నా.

నెల తర్వాత పక్క సర్దుతూ ఏదో అడిగా, తాతకి వినబడలేదు. "వోస్?" అన్నాడు. ఏమిటి అనడానికి "వాస్" అనాలి అసలు. నాకు నవ్వాగలేదు, ఎందుకు నవ్వావంటే మా ఊళ్లో దీన్ని "ఏటి" అంటారని చెప్పా. ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే చాలు "ఏటి?" అంటాడు, దీర్ఘం మాత్రం ఇంకా సరిగ్గా రావట్లేదు.