అవి ఏం చేస్తాయి తాతా?

ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి మా వీధికి గంగిరెద్దు వస్తూనే ఉన్నా, ఈ ఉదయం అది మా గేటు ముందు నిలిచినప్పుడు మాత్రం నేను మునుపటిలా చూడలేకపోయాను. గంగిరెద్దులాయన సన్నాయి దించి "అయ్యగారికి దండం పెట్టు" అనగానే, కొమ్ములకు కుచ్చులతో, వీపున రంగుల బొంతతో ఉన్న ఆ ఎద్దు తల ఊపింది. ఆరేళ్ల మా మనవరాలు చప్పట్లు కొట్టింది. గత ఆదివారం నేలపట్టు పక్షుల కేంద్రంలో కొట్టినవీ ఇవే చప్పట్లు.

నేలపట్టు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నెల్లూరు వాళ్లం దాన్ని ఇంకా మనదనే అనుకుంటాం. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకొని ఉన్నాయి. కాస్త ఓపికగా చూస్తే, పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపను అందుకోవడం కనిపిస్తుంది. మనవరాలు రెండు నిమిషాలు చూసి, "అవి ఏం చేస్తాయి తాతా?" అని అడిగింది. గూళ్లలో కూర్చొని పిల్లల్ని సాకుతున్నాయని చెప్పినా ఆ జవాబు దానికి చాలలేదు. అంతలో మా పక్కనున్న ఒక పెద్దమనిషి, పక్షులు లేస్తే ఫోటో బాగుంటుందని గట్టిగా ఈల వేశాడు. బెదిరిన తల్లి గూడు వదిలితే గుడ్లు ఎండకూ కాకులకూ చిక్కుతాయన్న ఆలోచన ఆయనకు లేదు. ఆయన్ని చూసి మా పిల్లా చప్పట్లు అందుకుంది.

దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా చిన్నతనంలో ఊళ్లో డేరా వేసిన సర్కస్‌లో సింహం మండుతున్న వలయంలోంచి దూకడం చూసి, వారం రోజులు అదే చెప్పుకున్నాను. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో అలాంటి ఆటలు ఆడించకూడదని కేంద్రం 1998లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. జంతువులను చూపిస్తేనే పిల్లలకు వాటిపై ప్రేమ కలుగుతుందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. సింహాన్ని అంత దగ్గరగా చూసిన నాకు మాత్రం, అది ఎక్కడ పుట్టింది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అన్న ప్రశ్న ఒక్కనాడూ రాలేదు. గుర్తున్నదల్లా మంట, కొరడా, నా చప్పట్లు. మనం పిలిస్తే పలకడమే జంతువు పని అన్న నమ్మకం ఆ డేరాలోనే నాలో పాతుకుపోయిందనుకుంటాను, అదే ఇప్పుడు చెరువు గట్టు మీద నా మనవరాలి నోట ప్రశ్నగా వచ్చింది.

నేలపట్టు చుట్టుపక్కల రైతులది వేరే లెక్క. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లు ఆ పక్షులను రానిచ్చారు. వాళ్లకు అవి ఆట చూపనక్కర్లేదు, ఏటా వస్తే చాలు.

గంగిరెద్దులాయన మీద నాకు కోపం లేదు. ఆ ఎద్దు తింటేనే ఆయన ఇల్లు తింటుంది. ఒక చేట బియ్యం పోసి, బకెట్ నిండా నీళ్లు పెట్టించాను. మనవరాలు దగ్గరికి వెళ్లి "నాకూ దండం పెట్టు" అంది. ఎద్దు తల ఎత్తలేదు. "దప్పికయింది తల్లీ, ఇప్పుడు పలకదు" అన్నాడాయన నవ్వుతూ. బకెట్ ఖాళీ అయ్యేదాకా ఆ బిడ్డ చేతులు వెనక్కి కట్టుకొని అక్కడే నిలబడింది.