కెర్రీలో శీతాకాలం, మా వాకిట్లో లైటు

పక్కింటాయన వచ్చి మా వాకిట్లో లైటు రాత్రిళ్ళు ఆపేయమని అడిగి చాన్నాళ్ళయింది, ఆ మాట నాకింకా లోపల తిరుగుతూనే ఉంది. గొడవేం పెట్టుకోలేదు పాపం. ఇక్కడివాళ్ళ పద్ధతే అంత, ముందు గాలి గురించి, తర్వాత రేపటి వాన గురించి, మా బాబు స్కూల్ గురించి, అన్నీ అయ్యాక వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మీ ఫ్లడ్‌లైట్ రాత్రంతా నా వంటింటి గోడ మీద పడుతోంది, పడుకునే ముందు ఆపేస్తారా, ఇక్కడి చీకటిని మనమే కదా కాపాడుకోవాలి అన్నాడు. సరేనండి అన్నాను. తలుపేసుకున్నాక ఒళ్ళు మండింది. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చి దీపం కొండెక్కించమని ఎవరైనా అడుగుతారా? అదీ చీకటిని కాపాడ్డానికట.

మేముండేది ఐర్లాండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో వాటర్‌విల్ దగ్గర. ఒకపక్క కొండలు, దేశంలోకెల్లా ఎత్తైన కరాన్‌టూహిల్ కూడా ఆ వరసలోదే, ఇంకోపక్క అట్లాంటిక్, ఇక అమెరికా దాకా నీళ్ళే. ఊళ్ళ వెలుతురు ఇటు రాకుండా కొండలు అడ్డం, సముద్రం వైపు నుంచి వెలుతురు వచ్చే ప్రశ్నే లేదు. అందుకే 2014లో ఈ చుట్టుపక్కల దాదాపు 700 చదరపు కిలోమీటర్లని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు, అదీ గోల్డ్ టియర్, అంటే అన్నిటికంటే పై స్థాయి. మనకి పులులకి రిజర్వ్ ఉన్నట్టు ఇక్కడ చీకటికి. ఉద్యోగం ఖాయమైనప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా పట్టించుకునేదాన్ని కాదేమో, నేను చూసుకుంది పర్మిట్, జీతం, మా ఆయనకి పని దొరుకుతుందా లేదా, అంతే.

ఊరి నుంచి ఫోన్ చేసేవాళ్ళందరూ ముందు అడిగేది చలి గురించే. ఐర్లాండ్ అంటే మంచులో కూరుకుపోయి ఉంటామనుకుంటారు. నిజం చెప్పాలంటే మా ఆదిలాబాద్ చలి ముందు ఇది చలే కాదు. డిసెంబర్‌లో మా ఊళ్ళో తెల్లారుజామున ఐదారు డిగ్రీలకి పడిపోయిన రోజులు బోలెడు, రేకుల ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకున్నా పళ్ళు టకటకలాడేవి. ఇక్కడ జనవరిలో కూడా పగలు పది డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రి నాలుగైదు, ఇంట్లో హీటర్ ఎలాగూ ఉంటుంది. ఇదే అక్షాంశంలో సముద్రానికి అవతల ఉన్న కెనడా లాబ్రడార్‌లో మైనస్ ఇరవై, ఇక్కడ మాత్రం జనవరిలో గడ్డి పచ్చగా ఉంటుంది. అట్లాంటిక్‌లో దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి నీళ్ళు, వాటి మీదుగా వీచే నైరుతి గాలులు, అదీ కారణం. మంచు పడటం ఎంత అరుదంటే 2018 మార్చి మొదట్లో గట్టిగా పడినప్పుడు దేశమంతా షాపుల్లో బ్రెడ్ అయిపోయిందట, ఇప్పటికీ అదో పెద్ద కథలా చెప్పుకుంటారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటాం కదా, ఇక్కడ అసలు వచ్చిందెప్పుడు పోవడానికి.

కష్టం ఏదైనా ఉందంటే చీకటితోనే. డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగున్నరకల్లా వెళ్ళిపోతాడు. నాకు నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడ ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోట, నైట్ డ్యూటీ, ఎనిమిది నుంచి ఎనిమిది. చీకట్లో వెళ్ళి, చీకట్లో హ్యాండోవర్ ఇచ్చి బయటికొచ్చి, వెలుతురున్న ఆ కాసిన్ని గంటలూ నిద్రపోయి, లేచేసరికి మళ్ళీ పొద్దుగూకి ఉంటుంది. సూర్యుడి మొహం చూడని వారాలుంటాయి, విటమిన్ డి మాత్రలతో నెట్టుకొస్తాం. మా ఇంటి దారిలో వీధిదీపాలు లేవు. అందుకే మా ఆయన ఆ ఫ్లడ్‌లైట్ బిగించాడు, పొద్దున నేను వచ్చేదాకా వెలుగుతూ ఉండాలని. అది ఆపమన్నారు.

ఆ కోపానికి ఇంకో మూలం కూడా ఉంది. మా చిన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు వచ్చేది. రాత్రి ఏ ఒంటిగంటకో ఇచ్చేవాళ్ళు. బాపు చేతికర్ర, బ్యాటరీ లైటు పట్టుకుని బావి దగ్గరికి పోయేవాడు మోటరు పెట్టడానికి. తడి చేతుల్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టినవాళ్ళు, గట్ల మీద పాము కరిచినవాళ్ళు చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఉండేవాళ్ళు. బాపు తిరిగొచ్చేదాకా అమ్మ పడుకునేది కాదు, వాకిట్లో బుగ్గ, అదే బల్బు, వేసి ఉంచేది, కరెంటు పోతే కందిలి పెట్టేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు, ఆ రోజు బాపు ఫోన్‌లో మాట్లాడిన గొంతు నాకింకా గుర్తే, ఇక రాత్రి పోవుడు లేదు బిడ్డా అన్నాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను. కడుపు నిండినవాళ్ళకి చీకటి కూడా ముద్దే అనిపించింది ఆ రోజు. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది.

మిగతా సగం ఎందుకు మారిందంటే మా నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దావిడ వల్ల. తొంభై దాటాయి. ఆవిడ మంచం పక్కన గోడకి ఏసు పటం, దాని కింద చిన్న ఎర్ర లైటు, వేలెడంత కూడా ఉండదు, గాజు బుడ్డి లోపల శిలువ ఆకారంలో సన్నటి తీగ వెలుగుతుంది. సేక్రెడ్ హార్ట్ దీపం అంటారు, పాతకాలం ఇళ్ళల్లో ప్రతి వంటింట్లో ఉండేదట. రాత్రి రౌండ్స్‌కి వెళ్ళినప్పుడు గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి కర్టెన్ తెరిచి పెట్టమంటుంది, ఈ ఒక్కటీ మాత్రం ముట్టుకోనివ్వదు. మా ఇంట్లో దేవుడి గూట్లో వెలిగే జీరో బల్బు కూడా అదే ఎరుపు. పక్కింటాయన మాట అన్న మర్నాడు డ్యూటీలో ఉండబట్టలేక ఆవిడతో చెప్పేశాను, మీవాళ్ళకి చీకటి అంటే ఇంత ప్రేమేంటండీ అని.

ఆవిడ నన్ను మందలించినట్టే మాట్లాడింది. చీకటి నీకే తెలుసనుకుంటున్నావా అంది. ఐర్లాండ్ పల్లెలకి కరెంటు పథకం మొదలైంది 1946లోనట, ఇవి మారుమూల కొండ ప్రాంతాలు కాబట్టి కెర్రీలో చాలాచోట్లకి బాగా ఆలస్యంగా చేరింది, ఇక్కడికి దగ్గర్లోనే బ్లాక్ వ్యాలీ అని ఒక లోయ ఉంది, దానికి 1970లు సగం దాటాక గానీ రాలేదు. ఆవిడ పెళ్ళై కాపురానికొచ్చిన ఇంట్లో కిరసనాయిలు దీపమే, ఆవుల దగ్గరికి వెళ్ళాలన్నా లాంతరే. స్తంభాలు వేసినప్పుడు కొందరు ముసలివాళ్ళు కప్పుకి నిప్పంటుకుంటుందని భయపడి వద్దన్నారట. కరెంటు వచ్చిన రోజు వాళ్ళింట్లో ముందుగా వెలిగింది ఈ ఎర్ర దీపమేనట. తర్వాత ఆవిడే అంది, మీ పక్కింటాయన నాకు తెలుసు, కుర్రతనంలోనే లండన్ వెళ్ళి బిల్డింగు పనుల్లో ముసలివాడయ్యాడు, అక్కడ ఆకాశం ఎప్పుడూ నారింజ రంగులోనే ఉండేదని పండక్కి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు, రిటైరయ్యాక తిరిగొచ్చింది దీనికోసమే అని.

నేనేం మాట్లాడలేదు. ఆయన కూడా వలసపోయి వచ్చినవాడని నాకు తట్టనే లేదు. ఈ కెర్రీ నుంచి పోయినంతమంది మా ఆదిలాబాద్ నుంచి గల్ఫ్‌కి కూడా పోయి ఉండరేమో. అయినా రెండూ ఒకటి కాదు, అది మాత్రం చెప్పాలి. ఆయన చీకటిని వెతుక్కుంటూ తిరిగొచ్చాడు. మా బాపు చీకట్లోకి పోక తప్పక పోయాడు. ఈ తేడా పక్కింటాయనకి ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్ళు ఎదురుపడితే వాన గురించి మాట్లాడి ఊరుకున్నాను.

డిసెంబర్‌లో అర్ధరాత్రి దాటాక బ్రేక్‌కి బయటికొస్తే ఒక్కోసారి ఆకాశం విడిచి ఉంటుంది. అదే ఎక్కువ చెప్పుకోవాల్సిన సంగతి, ఎందుకంటే వెచ్చదనం తెచ్చే సముద్రమే మబ్బుల్ని కూడా తెస్తుంది, ఏడాదిలో 200 రోజులకి పైగా ఏదో ఒక జల్లు పడుతూనే ఉంటుంది, ఆకాశం కనిపించే రాత్రి దొరికితే అదృష్టం. అలాంటి రాత్రి యూనిఫాం మీద ఒక్క ఫ్లీస్ వేసుకుని బిల్డింగ్ వెనక్కి వెళ్ళి నిలబడతాను, పావుగంట నిలబడినా వణకను, ఇంకేదైనా చలిదేశంలో అయితే అలా కుదరదు. లోపల ట్యూబ్‌లైట్ల కింద తిరిగొచ్చిన కళ్ళకి మొదట ఏమీ కనపడదు. పది నిమిషాలయ్యాక ఒక్కోటీ పైకొస్తాయి. దక్షిణాన మృగశిర నిటారుగా నిలబడి ఉంటుంది, మా ఊళ్ళో అయితే దాదాపు నడినెత్తి మీద ఉండేది, ఇక్కడ సగం ఎత్తుకి కూడా రాదు. నడుం మీద వరసగా మూడు చుక్కలు, మా బాపమ్మ గొల్లకావడి అనేది, అది పడమటికి వాలిందంటే తెల్లారబోతోందని లేచి జొన్నలు విసరడానికి కూర్చునేది. భుజం దగ్గర ఎర్రగా ఆరుద్ర. ఇంకా పైన రోహిణి, దాని పైన కృత్తికలు, హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఒక మసకమచ్చలా కనిపించిన కృత్తికల్ని ఇక్కడ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఆకాశగంగ నెత్తిమీదుగా సముద్రంలోకి దిగుతుంది.

నాకు దిక్కు తప్పినట్టయ్యేది మాత్రం ధ్రువుడితో. మా ఊళ్ళో ఇరవై డిగ్రీల ఎత్తులో, వేపచెట్టు కొమ్మల వెనక దొరికేవాడు, ఇక్కడ 52 డిగ్రీలు, మెడ ఎత్తి చూడాలి. సప్తర్షులు అసలు అస్తమించనే అస్తమించరు, ఏడాది పొడుగునా ఎటో ఒకపక్క కనిపిస్తూనే ఉంటారు, పెళ్ళిలో అరుంధతిని చూపించడానికి పంతులుగారు వేళ చూసుకోనక్కర్లేదు ఇక్కడ. అగస్త్యుడు మాత్రం లేడు. చలికాలం రాత్రి మా చేను దక్షిణపు గట్టు మీద తక్కువెత్తులో తళతళలాడే ఆ చుక్క ఐర్లాండ్ మొత్తంలో ఎక్కడా ఎప్పటికీ ఉదయించదు, భూమి వంపు అడ్డం. అన్నం, భాష, మనుషులు దూరమవుతారని తెలిసే వచ్చాను, ఒక చుక్క కూడా అవతలే ఉండిపోతుందని అనుకోలేదు, అది చూసిన రాత్రి, అంటే లేకపోవడం చూసిన రాత్రి, చాలాసేపు మనసు మనసులో లేదు.

లైటు సంగతి చివరికి ఇలా తేల్చుకున్నాం. ఫ్లడ్‌లైట్ తీసేసి పైన టోపీ ఉన్న లైటు పెట్టాం, వెలుతురు కిందికే పడుతుంది, పసుపు రంగు, మనిషి వస్తే వెలిగి కాసేపటికి ఆగిపోతుంది. డార్క్ స్కై వాళ్ళు చెప్పేది కూడా లైట్లే వద్దని కాదు, అవసరమైన చోట, అవసరమైనంత, కిందికి అని. ఇంత చిన్న విషయానికి నేను అంత మథనపడ్డానా అంటే పడ్డాను, ఎందుకంటే ఇది లైటు గురించి మాత్రమే కాదు. సంధ్యవేళ గుమ్మంలో ప్రమిద మాత్రం ఎప్పటిలాగే పెడతాను. కార్తీకమాసం వస్తే ఆకాశదీపం కూడా కడతానని పక్కింటాయనకి ముందే చెప్పాను, నూనె దీపమే కదా, నేనూ చూస్తాను అన్నాడు. ఇంకో మాట, మా నర్సింగ్ హోమ్ స్టాఫ్ కార్‌పార్క్‌లో లైటు విషయంలో మాత్రం నేను తగ్గను. రాత్రి డ్యూటీ దిగే ఆడపిల్లలు కారు దాకా చీకట్లో నడవాలని ఏ రిజర్వ్ పేరు చెప్పినా ఒప్పుకోను. అక్కడ కూడా టోపీ పెట్టండి, ఆపకండి అని మీటింగ్‌లో చెప్పాను.

మన దగ్గర కూడా ఇది మొదలైంది. లడఖ్‌లో హాన్లే డార్క్ స్కై రిజర్వ్ ఉంది, 2024 జనవరిలో నాగ్‌పూర్ అవతల పెంచ్ టైగర్ రిజర్వ్‌ని డార్క్ స్కై పార్క్‌గా గుర్తించారు. నాగ్‌పూర్ మా ఆదిలాబాద్‌కి హైదరాబాద్ కంటే దగ్గర. ఇది బాపుకి చెబితే, చీకటి చూడనీకి పైసలిచ్చి పోతరా అన్నాడు. ఆయన అలా అనకపోతే ఇంకెవరంటారు.

ఆయన్ని ఇక్కడికి రమ్మని అడుగుతున్నాను. అంత చలిల నేనేం జేస్త బిడ్డా అంటాడు, మనూరి కంటే ఇక్కడే నయం అంటే నమ్మడు, ఫోన్‌లో వాతావరణం చూపించాను, అయినా నమ్మడు. ఎండాకాలంలో వస్తే లాభం లేదు, జూన్‌లో ఇక్కడ రాత్రి పదకొండైనా వెలుగు పోదు, చుక్కలు చూపించడానికి ఏముండదు. శివరాత్రికి రమ్మన్నాను, అమావాస్య ముందురోజు కాబట్టి చంద్రుడి అడ్డం ఉండదు, ఎలాగూ జాగారమే, ఆకాశం విడిస్తే వాకిట్లోనే కూర్చోవచ్చు, మబ్బు పడితే ఇంట్లో. పత్తి ఏరుడు అయినంక చూద్దాం తియ్ అన్నాడు. అంటే వస్తానన్నట్టే లెక్క. వీసాకి టైం పడుతుంది కాబట్టి ఇన్విటేషన్ లెటర్ రాసేశాను, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఈ వారంలో పంపాలి.