మా తమ్ముడి పెళ్లికి విడిది ఏర్పాట్లు: నా నోట్‌బుక్ నుంచి

పెళ్లికి 74 రోజులు

ముహూర్తం ఖాయమైంది. ఫాల్గుణ శుద్ధ పంచమి, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. పంతులుగారు మొదట మాఘ శుద్ధ త్రయోదశి చెప్పారు. నేనే వద్దన్నాను. మా ఊరు రాజోలుకు దగ్గర. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం, పౌర్ణమికి సముద్ర స్నానాలు. ఆ వారమంతా రాజోలు, మలికిపురం, నర్సాపురం లాడ్జీల్లో గది దొరకడం గగనం. మన చుట్టాల్ని ఎక్కడ పడుకోబెడతాం? "ఇంకో ముహూర్తం చూడండి పంతులుగారూ" అంటే, "ఆయ్, అదీ నిజవేనమ్మా" అని పంచాంగం మళ్లీ తిరగేశారు.

పెళ్లి సాదాగా చేద్దామని ఇద్దరి మాటా. ఫంక్షన్ హాలు లేదు, స్టేజి లేదు. మా దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య తాటాకు పందిరి, అరిటాకుల్లో భోజనం, అందరూ కలిపి నూట యాభై మంది. అమ్మాయి వాళ్లది హైదరాబాద్. వంట బాబాయ్ చూసుకుంటానన్నాడు, పందిరి నాన్న చూసుకుంటానన్నారు. విడిది పని నేను అడిగి తీసుకున్నాను.

దానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ల కిందట మా మేనమామ పెళ్లిలో అమ్మ వాళ్ల పిన్నికి ఎవరూ చోటు చూపించలేదు. రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెల్లవార్చింది. ఆ పెళ్లి భోజనాలు ఎంత బాగున్నాయో ఊరంతా చెప్పుకున్నారు. ఆ మామ్మకి మాత్రం ఇప్పటికీ ఆ పెళ్లంటే గుర్తొచ్చేది ఆ కుర్చీయే.

పెళ్లికి 69 రోజులు

"పెళ్లికి వస్తున్నారా?" అని అడిగితే అందరూ "రాకపోతే ఎలాగమ్మా" అంటారు. దానితో విడిదికి లెక్క తేలదు. ప్రశ్న మార్చాను: "ఏ రాత్రి మా దగ్గర పడుకుంటారు?" అప్పుడు తేలింది. ముందు రోజు రాత్రి 54 మంది. పెళ్లి రాత్రి 31 మంది. ఆ మర్నాడు రాత్రికి 9 మంది, అంతర్వేది చూసి వెళ్తామన్నవాళ్లు. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వాళ్లంతా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు.

ఇలా ఒక పేజీలో మూడు నిలువు గీతలు గీసి, రాత్రికో గడి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది. పేరు పక్కన ఇంకో మూడు విషయాలు రాస్తున్నాను: దేంట్లో వస్తున్నారు, మెట్లు ఎక్కగలరా, కింద కూర్చుని లేవగలరా. మూడోది అడగడానికి మొహమాటపడకూడదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి కమోడ్ లేని ఇంట్లో ఒక్క రాత్రి గడపడం ఎంత బాధో నాకు మామ్మని చూశాకే తెలిసింది.

పెళ్లికి 66 రోజులు

రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. హైదరాబాద్ చుట్టాలకి ఆ తేదీ చెప్పి, పొద్దున ఎనిమిదింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చోమని మెసేజ్ పెట్టాను. అమలాపురం వైపు ఇంకా రైలు లేదు. మా ఊరికి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పాలకొల్లులో దిగడమే సుఖం. అక్కడి నుంచి చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే దిండి, ఆ వెంటనే మా వైపు. గంట లోపు ప్రయాణం. రాజమండ్రిలో దిగితే రావులపాలెం మీదుగా రెండు గంటల పైనే. విమానంలో వచ్చే ఇద్దరికి మధురపూడి ఎయిర్‌పోర్ట్ రాజమండ్రికి అవతల ఉంటుందని విడిగా చెప్పాను, లేకపోతే దిగగానే ఊరొచ్చేసిందనుకుంటారు.

పెళ్లికి 58 రోజులు

గదులు చూడ్డానికి వెళ్లాం, నేనూ మా వారూ. దిండిలో ఒక రిసార్ట్‌లో ఏడు గదులు, రాజోలులో ఒక లాడ్జిలో ఐదు గదులు మాట్లాడాం.

ఇక్కడ ఒక చిన్న సంగతి నాకు చాలా పనికొచ్చింది. రిసార్ట్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటితేగానీ గది ఇవ్వరు. లాడ్జిలో ఎప్పుడు దిగితే అప్పటి నుంచి 24 గంటలు. తెల్లారే రైలు దిగిన వాళ్లని రిసార్ట్‌కి పంపితే సామాన్లతో ఆరుబయట కూర్చోవాలి, కాకపోతే ముందు రాత్రికి కూడా డబ్బు కట్టాలి. అందుకని రైల్లో వచ్చే పది మందికీ లాడ్జి, సాయంత్రానికి కార్లలో చేరే పద్నాలుగు మందికి దిండి. ఇంతకు ముందు నేను వేసుకున్న లెక్క దీనికి సరిగ్గా తిరగబడి ఉంది.

గదిలో అడుగు పెట్టగానే మంచం చూడకుండా కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యాన్లు మాత్రమేనా అడగండి. డ్రైవర్లు ఎక్కడ పడుకుంటారో కూడా అడగండి. రాత్రంతా నిద్రలేని మనిషి చేతిలో మన వాళ్ల కారు పెట్టి పంపకూడదు. లాడ్జిలో డ్రైవర్లకి ఒక హాలు, ఫ్యాన్లు, బాత్రూమ్ ఇస్తామన్నారు.

పెళ్లికి 51 రోజులు

మిగిలింది 30 మంది. వీళ్లంతా ఊళ్లోనే, ఇళ్లల్లో. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మా ఊళ్లో తాళం వేసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. కువైట్, ఖతార్, హైదరాబాద్ వెళ్లిన వాళ్లవి. మా వీధి చివర పిన్ని వాళ్ల కొత్త డాబా రెండేళ్లుగా మూసే ఉంది. వాళ్లు కువైట్‌లో ఉంటారు. ఫోన్ చేసి అడిగితే, "అడగాలా అమ్మాయ్, తాళం మీ అమ్మ దగ్గరే ఉందిగా" అంది. అద్దె మాట ఎత్తితే కోప్పడింది. కరెంటు బిల్లు, ఇల్లు కడిగించడం మా ఖర్చు అని ఒప్పించాను.

డాబాలో 14 మంది, పెదనాన్నగారి మండువా లోగిలిలో 6, మాస్టారి మేడ మీద వాటాలో 6, మా ఇంట్లో 4. మంచాల ప్రకారం చూస్తే ఇంకో పది మంది పడతారు. కానీ నేను బాత్రూమ్‌ల ప్రకారం చూశాను. ముహూర్తం 9.40 అంటే ఎనిమిదిన్నరకి అందరూ తయారై టిఫిన్ దగ్గర ఉండాలి. ఐదింటికి మొదలుపెడితే మూడున్నర గంటలు. మనిషికి పావుగంట చొప్పున కాగితం మీద పద్నాలుగు మంది అవుతారు. తలస్నానాలు, పిల్లలు, నీళ్లు కాగే టైము కలిపితే నిజంగా ఎనిమిది మందే అవుతారు. డాబాలో మూడు బాత్రూమ్‌లు, మిగతా మూడు ఇళ్లల్లో ఒక్కోటి. సరిపోయింది. ఇంకొకరిని కూడా చేర్చనని ఆ రోజే నాన్నకి చెప్పేశాను.

పెళ్లికి 31 రోజులు

సంక్రాంతి వెళ్లింది. ఇవాళ డాబాలో పడుకుని చూశాం. నేను, మా వారు, మేనత్త. ఇది తప్పకుండా చేయాల్సిన పని.

ముందు తాళమే రాలేదు. ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టేసింది. అత్త ఇంటికెళ్లి చిన్న గిన్నెలో కొబ్బరినూనె తెచ్చింది. కోడీకతో ముంచి తాళం కన్నంలోకి నాలుగు చుక్కలు వదిలి, తాళంచెవి పెట్టి అటూ ఇటూ మెల్లగా ఆడించింది. ఎర్రటి నూనె ఆవిడ వేళ్ల మీదుగా కారింది. మళ్లీ నాలుగు చుక్కలు. పది నిమిషాలకి టక్ మంది. లోపల మూసిన ఇంటి వాసన, కిటికీ రెక్కల మధ్య ఎండిపోయిన బల్లి గుడ్లు, క్యాలెండర్ మీద రెండేళ్ల కిందటి నెల.

కుళాయి తిప్పితే మొదటి పది నిమిషాలు ఎర్ర నీళ్లు. తర్వాత తేటగా వచ్చాయి కానీ ఉప్పన. మా వైపు సముద్రం దగ్గర కాబట్టి చాలా బోర్లలో అంతే, సబ్బు నురగ రాదు. మాకు అలవాటు. హైదరాబాద్ ఆడవాళ్లు పెళ్లి పొద్దున తలంటుకుంటే జుట్టు జిగురు పట్టేస్తుంది. అందుకని రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి, ముందు రోజు పంచాయతీ కుళాయి వచ్చినప్పుడు మంచినీళ్లు పట్టి ఉంచాలి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులు వేరే.

రాత్రి గీజరూ మోటారూ ఒకేసారి వేస్తే కరెంటు ట్రిప్ అయింది. రెండుసార్లు చూశాం, రెండుసార్లూ అంతే. ఎలక్ట్రీషియన్ వచ్చి గీజర్‌కి విడిగా లైను లాగాలన్నాడు. పిన్ని గోడలు కొట్టించడం నాకిష్టం లేదు. వెనక పెరట్లో రెండు రాగి కాగులు పెట్టిస్తున్నాను. కొబ్బరి డొక్కలకి మా ఊళ్లో కరువా!

దోమలు విపరీతం. కాలువ పక్కనే కదా. మేకులు కొట్టకుండా గొడుగులా విచ్చుకునే దోమతెరలు పదిహేను కొనాలి.

పెళ్లికి 20 రోజులు

పెళ్లికూతురి మేనమామగారు ఫోన్ చేసి, భోజనంలో పులస పెడతారా అని అడిగారు. ఎంతో ఆశగా అడిగారు. "మావయ్యగారూ, పులస రావాలంటే గోదారికి ఎర్రనీరు తగలాలండి. వరదల్లో రండి, మా ఇంట్లోనే దిగండి, వండి పెడతాం" అన్నాను. ఇప్పుడు లేత పనసకాయల కాలం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మాత్రం ఖాయం అని చెప్పాను.

వెళ్లేటప్పుడు ఇవ్వడానికి ఆత్రేయపురం పూతరేకులు చెప్పాం, బెల్లంవి సగం, పంచదారవి సగం. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. డబ్బా మీద "అడుగున పెట్టకండి, చేతి సంచిలో పెట్టుకోండి" అని కాగితం అంటిస్తున్నాను. బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ తడిపి కుండ మీద ఒక్క లాగు లాగితే వచ్చే రేకు అది. సూట్‌కేసు అడుగున పడితే పొడే మిగులుతుంది.

పెళ్లికి 4 రోజులు

టెంటు సామాన్ల వాళ్లు పరుపులు పెళ్లి ముందు రోజు తెస్తామన్నారు. నేను పట్టుబట్టి ఇవాళే తెప్పించాను. మంచిదైంది. పైన ఉతికిన దుప్పటి తెల్లగా ఉంది, కింద చెయ్యి పెడితే పరుపు చెమ్మగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన. ముప్పైలో పదకొండు అలాగే ఉన్నాయి. ఫోన్ చేస్తే అవతలి వాళ్లు అంతా బాగానే ఉన్నాయనే అన్నారు. గట్టిగా అడిగితే ఐదు మార్చారు. మిగతా ఆరింటినీ కొబ్బరి మట్టలు పరిచి దొడ్లో ఎండేశాం. మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం కర్రతో దులిపి లోపల పెట్టాం. రేపూ ఎల్లుండీ కూడా అదే పని.

మామ్మకి మెడికల్ షాపులో కమోడ్ కుర్చీ దొరికింది. ఆవిడది డాబాలో కింద గది, బాత్రూమ్ పక్కనే. ఆ గది తలుపు మీద పేరు నేనే రాశాను.

పెళ్లికి 2 రోజులు

అందరికీ ఫోన్లో ఒక్కో కార్డు పంపాను: ఏ ఇల్లు, ఏ గది, తోడు ఎవరు, ఆ ఇంటి బాధ్యత ఎవరిది, వాళ్ల నంబరు, లొకేషన్. మా ఊళ్లో ఇంటి నంబర్లు చూసి ఎవరూ రాలేరు కాబట్టి "కాలువ వంతెన దిగాక రామాలయం, ఎడమ చేతి వీధి, చివరి పసుపు డాబా" అని కూడా రాశాను. ఇంటికొక మనిషిని పెట్టాను. తెల్లారగట్ల నాలుగున్నరకి కాగు వెలిగించాలి, ఐదింటికి కాఫీ ఫ్లాస్కు తేవాలి, మోటారు వేసి ట్యాంకు నిండాక కట్టాలి. మండువా లోగిలి పని మా చిన్నత్త కొడుక్కి ఇచ్చాను. వాడికి పద్దెనిమిదేళ్లు. "అక్కా, అలారం రెండు ఫోన్లలో పెట్టుకున్నా" అన్నాడు.

పెళ్లి అయిన మర్నాడు

చిన్నగా రాస్తున్నాను, నిద్ర వస్తోంది. రైలు గంటన్నర లేటు. పాలకొల్లు స్టేషన్లో ఆటోల వాళ్లు ఆగారు, లాడ్జి వాళ్లు గదులు ఉంచారు. ముందు రాత్రి చెప్పని వాళ్లు నలుగురు వచ్చారు. దాచి ఉంచిన రెండు పరుపులు, మా పడకగది వాళ్లకి ఇచ్చేశాం. పెళ్లి పొద్దున 8.20కి డాబాలో ఆఖరి స్నానం అయింది. మాస్టారి మేడ మీద మాత్రం ఐదున్నరకే ట్యాంకు ఖాళీ అయింది. రాత్రి ఎవరో కుళాయి సరిగ్గా కట్టలేదు. మళ్లీ నీళ్లు ఎక్కేదాకా ఇరవై నిమిషాలు ఆ ఆరుగురూ మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. నాకు బాధేసింది. ఇంకోసారి మేడ మీద బాత్రూమ్‌లో నిండు డ్రమ్ము ఒకటి తప్పకుండా పెడతాను.

మామ్మ బాగా నిద్రపోయిందట. పొద్దున నేను వెళ్లేసరికి దోమతెర తనే మడిచి, దుప్పటి మీద పెట్టి, జడ వేసుకుంటోంది. "ఇలా కూర్చో, నీ జడ కూడా ఊడింది" అని నాకూ వేసింది.

పెళ్లయ్యాక 4 రోజులు

పరుపులు, కాగులు తిరిగి ఇచ్చేశాం. మిగిలిపోయినవి: ఛార్జర్లు మూడు, కళ్లజోడు ఒకటి, చంటిపిల్ల కాలి పట్టా ఒకటి. పట్టా ఎవరిదో తెలిసింది, కొరియర్ చేయాలి. మీటరు రీడింగు ఫోటో తీసి పిన్నికి పంపాను.

సాయంత్రం ఆవిడే వీడియో కాల్ చేసింది. ఇల్లంతా చూపించమంది. గదులన్నిట్లో లైట్లు వేసి, వంటింట్లోంచి పెరట్లోకి నడిచాను. కాగు పెట్టిన చోట బూడిద ఇంకా ఉంది, రేపు ఊడ్పిస్తానన్నాను. "ఉండనీలే" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తాళం ఇవాళే వేసెయ్యకు అమ్మాయ్. ఇంకో రెండ్రోజులు తలుపులు తీసి ఉంచు" అంది.